ప్రయాణముతో మొదలైన శకము



నా బాల్యమున మా వీధి చివర నొక వృద్ధ సాయిబుగారు కాపురముండెడివారు. రంజాను మాసము ముగియవచ్చిన సాయంకాలమున ఆయన మా యింటి యరుగుకడకు వచ్చి, పంచాంగ గణితమున నాలుగూళ్లలో పేరుగల మా తాతగారిని, "సామీ, ఈ పొద్దు నెలవంక కనబడుతుందా?" అని యడుగుట పరిపాటి. తాతగారు పంచాంగము తిరుగవేసి, అమావాస్య యెన్ని ఘడియలకు ముగిసినదో, పాడ్యమి యెంతవఱకున్నదో, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట చంద్రుడెంతసేపు మింట నిలుచునో వ్రేళ్లమీద లెక్కించి, "మబ్బు లేకపోతే తప్పకుండా కనబడుతుంది సాయిబూ" అని చెప్పెడివారు. సాయిబుగారు వినయముగా తలయూచి, "మీ లెక్క తప్పదు సామీ, అయినా కంటబడితేగాని మాకు పండగ కాదు" అని, పిల్లలము పదిమందిమి వెంటరాగా చెఱువుకట్ట యెక్కి పడమటి దిక్కునకు తిరిగి నిలుచుండెడివారు.

అప్పటి నుండియు నొక సందేహము నన్ను వెన్నాడుచుండెను. మన సంక్రాంతి యెప్పుడును చలిలోనే వచ్చును. ఉగాది వేపపూతతోనే వచ్చును. కాని సాయిబుగారి రంజాను నేను పలక పట్టిన నాళ్లలో మామిడిపండ్ల కాలమున వచ్చి, పట్నపు చదువునకు పోవునప్పటికి ధనుర్మాసపు చలిలోనికి జాఱిపోయెను. ఋతువులతో ముడి విప్పుకొని తిరుగు నీ సంవత్సర మెట్టిది? ఇది యెచ్చట మొదలైనది? ఈ ప్రశ్నయే నన్ను ఇస్లాము చరిత్రవైపు నడిపించినది. నేటి ప్రసంగమునకును దానినే ద్వారముగా గైకొనుచున్నాను.

కాలమును లెక్కించుటకు ప్రతి జనసమూహమును తనకు మిక్కిలి ముఖ్యమని తోచిన యొక ఘట్టమును మొదలుగా నెన్నుకొనును. మన శాసనములందు శాలివాహన శకవర్షములును, రాజుల పట్టాభిషేకమునుండి యెంచిన రాజ్యవర్షములును కనబడును. క్రైస్తవులు క్రీస్తు జననమును మొదలుగా గొనిరి. ముస్లిముల హిజిరీ శకమునకు మొదలు వారి ప్రవక్త జననము కాదు. ఆయనకు దైవవాణి వినబడిన దినము కాదు. శత్రువులపై గెలుపొందిన దినమును కాదు. ఏబది యేండ్లు దాటిన యొక మనుష్యుడు, తన్ను చంప నెంచిన స్వజనుల కన్నుగప్పి, పుట్టిన యూరు విడిచి, వేఱొక యూరికి తరలిపోయిన వలసయే ఆ శకమునకు ఆది. హిజ్రా యను నరబీ పదమునకు వలసపోవుట, తనవారితోడి సంబంధము తెంచుకొని పోవుట అని యర్థము. ఆ వలస యేల కాలగణనకు ఆదియయ్యెనో గ్రహించినచో, ఆ మతముయొక్క పుట్టుక, నమ్మకములు, వ్యాప్తి యను మూడును ఒక్క త్రాటిమీద నడచుట మనకు కనబడునని నా విశ్వాసము.

ఎఱ్ఱసముద్ర తీరమునకు సుమారు 45 మైళ్ల దూరమున, బోడికొండల నడుమ నొక యిఱుకులోయలో మక్కానగర మున్నది. అచ్చట పైరు పండదు, నది లేదు, జమ్‌జమ్ అను నొక బావియు, కాబా యను నొక చదరపు కట్టడమును, ఆ రెంటి మూలమున వచ్చు యాత్రికులును తప్ప ఆ లోయకు వేఱు సంపద లేదు. నేల పండని చోట మనుష్యులు దారులను పండించుకొందురు. మక్కావాసులైన ఖురైషీలు చలికాలమున దక్షిణముననున్న యెమెనునకును, వేసవిని ఉత్తరముననున్న సిరియాకును ఒంటెల బిడారులు నడపి, తోళ్లును సుగంధద్రవ్యములును మార్చుకొని ధనికులైరి. కాబాలో తెగతెగకును విగ్రహము లుండెను. అవి 360 అని సంప్రదాయము చెప్పుచున్నది. సంవత్సరమున నాలుగు మాసములు యుద్ధము నిషిద్ధము కాగా, ఆ కాలమున తెగలన్నియు అచ్చటికి వచ్చి మ్రొక్కులు తీర్చుకొని, బేరములు సాగించి, కవిత్వము వినిపించి మరలుచుండెను. అయితే ఆ దేశమున రాజు లేడు, న్యాయస్థానము లేదు. ఒకని ప్రాణమునకు వాని తెగయే కోట. తెగవాని నెవడైన చంపినచో వాని తెగవాని నొకని చంపి పగ తీర్చుకొనుటయే శిక్షాస్మృతి. తెగ వెలివేసిన వానిని ఎవడు చంపినను అడుగువాడు లేడు. ఈ విషయమును శ్రోతలు గుర్తుంచుకొన వేడుచున్నాను. రాబోవు కథ యంతయు దీనిపై నాధారపడియున్నది.

అట్టి నగరమున, ఖురైషీలలో హాషిం వంశమున, క్రీ.శ. 570 ప్రాంతమున మహమ్మదు జన్మించెను. తండ్రి అబ్దుల్లా ఆయన పుట్టకమునుపే గతించెను. ఆఱేండ్ల ప్రాయమున తల్లి ఆమినాయు, ఎనిమిదేండ్ల ప్రాయమున తాతయు మరణించిరి. తండ్రి సోదరుడైన అబూతాలిబు పెంచి పెద్దవానిని చేసెను. అనాథయైన బాలుడు గొఱ్ఱెలు కాచెను. యువకుడై బిడారులతో సిరియాకు పోయెను. సొమ్ము విషయమున ఆయన నిజాయితీ యెంతటిదనగా, ఊరివారు 'అల్ అమీను', అనగా నమ్మదగినవాడు, అని పిలుచుచుండిరి. ఖదీజా యను ధనికురాలైన వితంతువు తన సరకులను ఆయనచేతి కప్పగించి, ఆయన ప్రవర్తనమును చూచి, తానే వివాహమునకు కబురంపెను. అప్పటికి ఆయనకు ఇరువదియైదేండ్లు; ఆమెకు నలువది యని చెప్పుదురు. ఆమె జీవించియున్నంత కాలము ఆయన మఱియొక భార్యను స్వీకరింపలేదు.

మధ్యవయస్సున ఆయన ఊరికి వెలుపలనున్న హిరా కొండగుహలో ఏకాంతధ్యానము చేయుచుండెను. క్రీ.శ. 610లో, రంజాను మాసమున నొకరాత్రి, జిబ్రయీలు అను దేవదూత తనకు కనబడి పఠింపుమని యాజ్ఞాపించెనని ఆయన వడవడ వణకుచు ఇల్లు చేరి భార్యకు చెప్పెను. ఆమె దుప్పటి కప్పి, ధైర్యము చెప్పి, మొట్టమొదట ఆయనను నమ్మెను. పిమ్మట బాలుడైన అలీయు, పెంపుడు కుమారుడైన జైదును, మిత్రుడైన అబూబకరును నమ్మిరి. ఇట్లు మొదలైన దైవసందేశములు ఇరువదిమూడేండ్లపాటు విడతలు విడతలుగా వచ్చెనని ముస్లిముల విశ్వాసము. వాని సమాహారమే 114 అధ్యాయములుగల ఖురాను. ఆ పేరునకే పఠనము అని యర్థము. ప్రవక్త వ్రాతకఱవనివాడని సంప్రదాయము. అందుచేత ఆ గ్రంథము మొదట కంఠస్థమై, వినికిడిచేత నిలిచి, తరువాత ఖర్జూరపు మట్టలమీదను, ఎముకలమీదను, తోళ్లమీదను వ్రాయబడి, ప్రవక్త పిమ్మట సమాజమును నడపిన ఖలీఫాల కాలమున సంపుటియైనది. వేదమును స్వరము తప్పక నోటనే నిలుపుకొన్న దేశమువారమగు మనకు ఈ పద్ధతి వింతగా తోచదు.

తొలినాళ్ల బోధలోని సారము స్వల్పము. సృష్టికర్త యొక్కడే, ఆయనకు సాటి లేదు, ప్రతిమనుష్యుడును మరణానంతరము లేచి తన చేతలకు తానే లెక్క యొప్పగింపవలెను, ఆ లెక్కలో అనాథను త్రోసినవానికిని, తూనికలో మోసగించినవానికిని తెగ యడ్డు రాదు. ఈ బోధయే మక్కా పెద్దలకు ముల్లయ్యెను. విగ్రహములు పోయినచో యాత్ర పోవును, యాత్ర పోయినచో వర్తకము పోవును అను భయ మొకటి. తాతముత్తాతలు అజ్ఞానులా యను రోషము మఱొకటి. బిలాలు అను హబ్షీ బానిసను అతని యజమానుడు మండుటెండలో ఇసుకపై పరుండబెట్టి ఱొమ్ముపై బండ నెత్తించెను. అబూబకరు అతనిని కొని విడిపించెను. క్రీ.శ. 615 ప్రాంతమున కొందఱు విశ్వాసులు సముద్రము దాటి అబిసీనియా చేరగా, అచ్చటి క్రైస్తవరాజు వారికి శరణ మిచ్చెను. క్రీ.శ. 619లో ఖదీజాయు, అబూతాలిబును కొద్దికాలపు వ్యవధిలో మరణించిరి. అబూతాలిబు కొత్తమతమున చేరలేదు. కాని సోదరుని కుమారుని విడువలేదు. ఆయన పోవుటతో ప్రవక్తకు తెగయను కోట కూలిపోయెను. తాయిఫు నగరమునకు పోయి యాదరమడిగినచో, అచ్చటివారు బాలురను పురికొల్పి రాళ్లు రువ్వించిరి.

మక్కాకు ఉత్తరమున రెండువందల మైళ్లకు పైబడిన దూరమున యస్రిబు అను ఖర్జూరవనముల పట్టణము కలదు. అచ్చటి ఔస్, ఖజ్రజ్ అను తెగలు తరములనుండి పోరాడి యలసియుండెను. మక్కా యాత్రకు వచ్చిన ఆ యూరివారు కొందఱు ప్రవక్తను విని, తమ తగవులను తీర్పగల మధ్యస్థుడీయనయే యని తలంచి, అఖబా యను చోట రాత్రివేళ ప్రమాణముచేసి ఆహ్వానించిరి. విశ్వాసులు ఇద్దఱు ముగ్గురుగా తరలిపోయిరి. ఖురైషీ పెద్దలిది కనిపెట్టి యొక పన్నాగము పన్నిరి: తెగకొక యువకుడు చొప్పున కలిసి ఒక్కమాఱు పొడిచినచో, అందఱపై పగ తీర్చుకొనుట హాషిం వంశమువారికి సాధ్యము కాదు. ఆ రాత్రి అలీ ప్రవక్త పడకపై ఆయన దుప్పటి కప్పుకొని పరుండెను. అలీ వెనుక నిలుచుటకు మఱొక కారణము గలదు. మహమ్మదుతో వైరము పూనినవారు సైతము ఆయనయొద్దనే సొమ్ము దాచుకొనియుండిరి; ఆ నిక్షేపములను ఎవరివి వారికి అప్పగించి రావలసిన భారమును ప్రవక్త అలీపై నుంచెను. తనను చంపవచ్చినవారి సొమ్మును పైసతో సహా తిరిగి యిప్పించి పోయిన యా వైనము, 'అమీను' అను పేరు ఉత్తమాట కాదని చాటుచున్నది.

ప్రవక్తయు అబూబకరును ఉత్తరమునకు పోవలసినవారై యుండియు, వెదకువారిని తప్పించుటకై దక్షిణముననున్న సౌర్ కొండగుహలో మూడు రాత్రులు దాగిరి. అబూబకరు కుమార్తె అస్మా రహస్యముగా ఆహారము చేర్చెను. గుహముఖమున సాలెపురుగు గూడల్లియుండుట చూచి వెదకువారు మరలిరని కథ. దారి చూపినవాడు ముస్లిము కాడు. ఎడారి త్రోవ లెఱిగిన యొక కూలి మార్గదర్శి. అలవాటైన బిడారుదారి విడిచి, సముద్రతీరపు త్రోవలు పట్టి, క్రీ.శ. 622 సెప్టెంబరులో వారు యస్రిబు పొలిమేర చేరిరి. ఆ పట్టణమే నాటినుండి 'మదీనతున్నబీ', ప్రవక్తనగరము, క్లుప్తముగా మదీనా యైనది.

ఆ యూర జరిగినదే ఈ వలసను శకారంభముగా చేసినది. ఇల్లువాకిలి విడిచివచ్చిన మక్కావారిని ముహాజిరులనియు, ఆదరించిన మదీనావారిని అన్సారులనియు పిలిచి, ప్రవక్త ఒక్కొక్క ముహాజిరునకు ఒక్కొక్క అన్సారును సోదరునిగా జతపఱచెను. రక్తము కలియనివారు సోదరులైరి. రక్తము కలిసినవారు శత్రుపక్షమున నిలిచిరి. అరబ్బుదేశమున ఇట్టిది అంతకుముందు కనివిని యెఱుగనిది. తెగకు మాఱుగా ఉమ్మా, అనగా విశ్వాసుల సమాజము, ఏర్పడెను. ఊరిలోని యూదు తెగలతో కూడ నొక యొడంబడిక వ్రాసికొనిరి. తరువాతి యుద్ధములలో ఆ యొడంబడిక చెడి, కొన్ని తెగలు వెలివేయబడుటయు, ఒక తెగ పురుషులు వధింపబడుటయు జరిగెను. ఇది చరిత్రలోని కఠినఘట్టము. దీనిని దాచిపెట్టి చెప్పుట సరికాదు. ప్రవక్త తన చేతులతో ఇటుకలు మోసి, ఖర్జూరపు మ్రాకులు స్తంభములుగా, మట్టలు కప్పుగా మసీదు కట్టించెను. నమాజునకు జనులను పిలుచుట యెట్లు? కొమ్ము ఊదుటయా, గంట మ్రోగించుటయా యని తర్కించి, తుదకు మనుష్యకంఠమునే యెన్నుకొనిరి. ఆ మొదటి పిలుపు పిలిచినవాడు ఆ బిలాలే, ఒకనాడు ఱొమ్ముపై బండ మోసిన బానిస.

పిమ్మటి పదియేండ్లు యుద్ధములతోను సంధులతోను గడచెను. క్రీ.శ. 624లో బద్రు బావులకడ మున్నూఱుమంది కొంచెముమించిన ముస్లిములు మూడింతల సేనను గెలిచిరి. మఱుసటి యేట ఉహుదు కొండకడ దెబ్బతినిరి. 627లో పారసీకుడైన సల్మాను సలహాపై మదీనా చుట్టు కందకము త్రవ్వి నిలిచిరి. 628లో హుదైబియాయొద్ద, అనుచరులు సణుగుచున్నను, అవమానకరముగా తోచు షరతులకు ప్రవక్త సమ్మతించి సంధి చేసికొనెను. 630లో మక్కా దాదాపు రక్తపాతము లేకయే లొంగిపోయెను. ఇరువదియేండ్లు బాధించినవారు ఎదుట నిలువగా, ఆయన కొలదిమందికి దక్క అందఱికిని క్షమాభిక్ష యొసగి, కాబాలోని విగ్రహములను తొలగించెను. 632 జూనులో మదీనాలో మరణించెను. ఆయన మరణము నమ్మలేక జనులు కలతపడగా, పూజార్హుడు దేవుడే గాని ప్రవక్త కాడని అబూబకరు వారికి తెలిపి శాంతపఱచెను. హిజ్రా జరిగి పదియు నాఱేండ్లు గడచిన పిమ్మట, రాజపత్రములకు తేదీ వేయుటలో చిక్కులు రాగా, ఖలీఫా ఉమరు పెద్దలను సంప్రదించి హిజ్రా జరిగిన యేటినుండి శకము లెక్కింప నిర్ణయించెను.

ఇక సాయిబుగారి నెలవంక మాట. మన పంచాంగమును చాంద్రమానమే; కాని చాంద్రసంవత్సరము 354 దినములే యగుటచే, రెండు మూడేండ్ల కొకతూరి అధికమాసమును చేర్చి మనము ఋతువులను తప్పిపోనీయము. అరబ్బులును పూర్వము అట్లే చేసెడివారు. ప్రవక్త తన తుదియాత్రాకాలమున ఆ యధికమాసమును నిషేధించెనని సంప్రదాయము. ఆ కారణమున హిజిరీ మాసములు ఏటేట సుమారు 11 దినములు ముందునకు జరిగి, సుమారు 33 ఏండ్లలో ఋతుచక్రము నంతయు చుట్టివచ్చును. దీనివలన గలిగిన యొక మేలును చూడుడు: రంజాను ఉపవాసము ఒక్క ఋతువునకే కట్టువడినచో, ఒక దేశమువారికి నిత్యము దీర్ఘమైన వేసవిపగలును, మఱొక దేశమువారికి నిత్యము పొట్టి చలిపగలును ప్రాప్తించును. మాసము తిరుగుటచే, ఏ దేశమువాడైనను తన జీవితమున కష్టమును సుఖమును రెంటిని సమముగా చవిచూచును. ఇది యుద్దేశించి చేసినదో కాదో కాని, భూమినలుమూలల వ్యాపింపబోవు మతమునకు తగిన యేర్పాటే.

ఇస్లాము అను పదమునకు సమర్పణము అని యర్థము. శాంతివాచకమైన సలాము అను పదమును దాని ధాతువునుండియే పుట్టినది. ముస్లిములు నమ్మవలసినవి ప్రధానముగా ఇవి: ఏకైకుడును నిరాకారుడును అగు అల్లాహు; ఆయన దూతలు; ఆయన యొసగిన గ్రంథములు; ఆయన పంపిన ప్రవక్తలు; తీర్పుదినము; విధి. ప్రవక్తల వరుసలో ఆదాము, నూహు, ఇబ్రాహీము, మూసా, ఈసా మొదలగువా రందఱును పూజ్యులు. ఈసా యనగా క్రీస్తు. ఆయనను మహాప్రవక్తగా గౌరవింతురు గాని దైవకుమారునిగా నంగీకరింపరు. ఆ వరుసలో తుదివాడు మహమ్మదు. ఆయనయు మనుష్యుడే, ఆరాధ్యుడు కాడు. కావుననే ముస్లిములు తమ మతమును మహమ్మదీయమతమని పిలుచుటకు సమ్మతింపరు.

ఆచరణమునకు స్తంభము లైదు. దేవుడొక్కడే యనియు, మహమ్మదు ఆయన ప్రవక్త యనియు మనఃపూర్వకముగా పలుకుట మొదటిది. మతమున చేరుటకు ఇది చాలును, వేఱు క్రతువు లేదు. దినమునకు అయిదు వేళల నమాజు రెండవది. నీటితో ముఖము, కాలుసేతులు కడిగికొని, కాబా దిక్కునకు తిరిగి, వరుసగా నిలిచి, వంగి, నేలకు నుదురు తాకింతురు. ఆ వరుసలో ముందు వచ్చినవాడు ముందు నిలుచును. నవాబునకు ప్రత్యేకపు చోటు లేదు, బండితోలువానికి వెనుకటి చోటని లేదు. మూడవది జకాతు: ఏడాది నిలువయున్న ధనమున నలువదింట నొకవంతు బీదలకును, అప్పులపాలైనవారికిని, బాటసారులకును ఇచ్చివేయుట. ఇది దయచేయు భిక్ష కాదు, బీదవానికి చెల్లవలసిన బాకీ. నాలుగవది రంజాను ఉపవాసము: తెల్లవాఱుజామునుండి ప్రొద్దుగ్రుంకువఱకు నీరైనను ముట్టరాదు, రోగికిని, ప్రయాణికునకును మినహాయింపు గలదు. ఐదవది శక్తిగలవారు జీవితమున నొకమాఱు చేయవలసిన హజ్జు. పురుషులు కుట్టులేని రెండు తెల్లని వస్త్రములు ధరించి, కాబాచుట్టు ఏడుమాఱులు ప్రదక్షిణించి, అరఫాతు మైదానమున ఎండలో నిలిచి ప్రార్థింతురు. ఆ తెల్లబట్టలలో రాజెవరో కూలివాడెవరో గుర్తింప నలవికాదు.

ఈ యైదింటిని కలిపి చూచినచో బిడారుల నగరమున పుట్టిన మతముయొక్క స్వభావము తేటపడును. దీనికి మోసికొనిపోవలసిన విగ్రహము లేదు. తప్పక వెంట నుండవలసిన పురోహితవర్గము లేదు. చదువ నెఱిగిన యెవడైనను ముందు నిలిచి నమాజు నడపవచ్చును. ఒక గుక్కెడు నీరు, ఒక చాపడు చోటు, ఒక దిక్కు తెలిసినచో చాలును. నీరు కూడ లేనిచోట శుభ్రమైన మన్ను చాలును. ఓడమీదనైనను, ఎడారిలోనైనను, అడవిదారినైనను ప్రయాణికుడు తన మతమును సంచిలో వేసికొని పోయినట్లు పోగలడు.

అయితే వ్యాప్తిలో ఖడ్గమునకు పాత్ర లేదనుట చరిత్రకు విరుద్ధము; ఖడ్గమే సర్వమనుటయు నట్లే విరుద్ధము. ప్రవక్త మరణించిన నూఱేండ్లలోపల అరబ్బుల పాలన యద్భుతవేగమున విస్తరించెను. 636లో యర్మూకు నదియొద్ద రోమకసేనలు ఓడిపోయెను, పారసీక సామ్రాజ్యము కూలెను, ఈజిప్టు వశమయ్యెను, 711లో తారిఖు ఇబ్న్ జియాదు సముద్రసంధి దాటి స్పెయినున కాలుమోపెను, 712లో ముహమ్మదు బిన్ కాసిము సింధును జయించెను. జయింపబడిన జనులు జిజియా యను పన్ను చెల్లించి తమ మతములను పాటించుకొన వచ్చును. వారి హోదా మాత్రము సమానము కాదు. పాలన యొక్క తరమున మాఱినను మతము తరములు గడచినగాని మాఱలేదు. ఈజిప్టు, ఇరాను దేశములలో ముస్లిములు అధికసంఖ్యాకు లగుటకు రెండు మూడు శతాబ్దములు, కొన్ని తావుల నంతకుమించియు పట్టెను. ఇంటిలోని కలహమును తప్పలేదు. ఆ కలహములలో ఉస్మాను, అలీ యను ఖలీఫాలు హత్యకు గురియైరి. 680లో, ముహర్రము పదియవనాడు, యూఫ్రటీసు నదీప్రాంతమున కర్బలాలో ప్రవక్త మనుమడైన హుసేను దాహముతో అలమటించుచు స్వల్పపరివారముతో వీరమరణము నొందెను. ముస్లిములలో సున్నీ, షియా యను రెండు శాఖల చీలిక కా రక్తము చెఱగని గుర్తు.

762లో అబ్బాసీ వంశపు ఖలీఫా మన్సూరు బాగ్దాదు నగరమును నిర్మింపగా, ఆ పట్టణము విద్యలకు సంతయయ్యెను. 751లో తలాసు నదియొద్ద చీనావారితో జరిగిన యుద్ధమున చిక్కిన బందీలవలన కాగితపు పని సమర్ఖందు చేరెనని చెప్పుదురు. అచ్చటినుండి కాగితము పడమటికి ప్రాకెను. మనదేశపు పండితుడొకడు జ్యోతిస్సిద్ధాంత గ్రంథమును ఆ కొలువునకు కొనిపోగా అది యరబీలోనికి మాఱెను. తొమ్మిదవ శతాబ్దమున అల్ ఖ్వారిజ్మీ యను గణితవేత్త మన యంకెల పద్ధతిని వివరించి గ్రంథము వ్రాసెను. అవి ఐరోపా చేరి అరబ్బీ అంకెలని పిలువబడినవి. అరబ్బులు మాత్రము వానిని నేటికిని హిందీ అంకెలనియే పిలుచుచున్నారు. శూన్యమును వారు సిఫర్, అనగా ఖాళీ, యని తర్జుమా చేసికొనిరి. మన పిల్లవాడు పలకపై దిద్దు సున్న ప్రపంచమును చుట్టివచ్చినది అరబీ విద్యయను ఈ యోడమీదనే.

సైన్యములు పోనిచోట్లకు వర్తకులును ఫకీరులును పోయిరి. సుమత్రా ద్వీపమునకు, జావాకు ఏ అరబ్బు సేనాపతియు పోలేదు. గుజరాతునుండి, అరబ్బుతీరమునుండి మిరియములకును లవంగములకును వచ్చిన వర్తకులు రేవులలో స్థిరపడి పెండ్లిండ్లాడిరి. 1292లో ఆ దారిని పోయిన మార్కోపోలో సుమత్రాలోని పెర్లకు రేవువారు అప్పటికే ఇస్లాము స్వీకరించిరని వ్రాసెను. నేడు అత్యధికసంఖ్యలో ముస్లిములుగల దేశములలో ఇండోనేషియా ముందువరుసలో నున్నది. అయినను జావాలో రాత్రులందు మన తోలుబొమ్మలాటను పోలిన నీడబొమ్మలాటలో అర్జునుడును, భీముడును ఆడుచునేయున్నారు. ఆఫ్రికాలో ఉప్పునకు బంగారము మార్చుకొను బిడారుల వెంట ఈ మతము సహారా దాటెను. 1324లో మాలి దేశపు రాజు మన్సా మూసా హజ్జునకు పోవుచు కైరోలో వెదజల్లిన బంగారముచే అచ్చట బంగారపు ధర పడిపోయెనని చరిత్రకారులు వ్రాసిరి.

మన తెలుగునాటికిని ఈ ప్రయాణ మిట్లే రెండు త్రోవల వచ్చినది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున నభయశాసనము వేయించి, తుఫానుకు చిక్కిన యోడల సరకును పూర్వరాజులవలె కొల్లగొట్టక, నియమితమైన సుంకము మాత్రమే గైకొందునని దేశాంతర వర్తకులకు మాట యిచ్చెను. అది సముద్రపు త్రోవ. ఢిల్లీ సేనలు, 1347లో వెలసిన బహమనీ రాజ్యము, పిమ్మట గోలకొండ కుతుబుషాహీలు నేలత్రోవ. సేనలవెంట యుద్ధములును విధ్వంసమును వచ్చినవి, నిజమే. గుల్బర్గాలో బందేనవాజు, పెనుగొండలో బాబయ్య వంటి సూఫీసాధువులును వచ్చిరి. వారి సమాధులకడ నేటికిని మ్రొక్కువారిలో హిందువులు తక్కువవారు కారు. ఇబ్రహీం కుతుబుషాను తెలుగుకవులు మల్కిభరామునిగా కొలిచిరి. గోలకొండ కొలువులోని అమీనుఖానునకు పొన్నెగంటి తెలగనార్యుడు తన అచ్చతెలుగు కావ్యము యయాతిచరిత్రము నంకితమొసగెను. ముస్లిములలో దూదేకులవారు తెలుగునే యింటి భాషగా జేసికొని యున్నారు. పిఠాపురపు ఉమర్ ఆలీషా కవి తెలుగున కావ్యములు రచించెను. చిలుకూరి నారాయణరావుగారు ఖురానును తెలుగు చేసిరి. కర్బలా దుఃఖము మన పల్లెలలో పీర్లపండుగయై, గుండము త్రవ్వువాడొక కులమువాడు, పీరు నెత్తువాడు వేఱొకడు, డప్పు వాయించువాడు మఱొకడు గాగా, ఊరందఱి పండుగగా వెలసినది. మనము దినదినము పలుకు రైతు, జిల్లా, తారీఖు, హక్కు, ఖర్చు, వకీలు అను మాటలు అరబ్బు దేశమునుండి బయలుదేఱి, పారసీకము మీదుగా మన నోటికి చేరినవే. అన్నము పండించువానికే మనము వాడుకొను పేరు అంతదూరమునుండి నడచివచ్చినది గదా!

శ్రోతలారా, ఆ సాయిబుగారును మా తాతగారును ఇప్పుడు లేరు. పంచాంగపు లెక్కయే తాతగారికి ప్రమాణము. కంటిచూపు సాయిబుగారికి ప్రమాణము. అయినను ఒకనాటి మాట చెప్పి విరమించెదను. ఆ సాయంకాలము పడమట మబ్బు క్రమ్మియుండెను. సాయిబుగారి చూపు మందగించెను; పిల్లలకును నెలవంక కానరాలేదు. అంతవఱకు అరుగు దిగనెఱుగని తాతగారు చేతికఱ్ఱ పట్టుకొని చెఱువుకట్టకు వచ్చి, లెక్కప్రకారము చంద్రుడుండవలసిన చోటును తాటిచెట్టు మొవ్వకు జేనెడు ఎడమగా చూపించిరి. మబ్బు చీలి, వెండితీగవంటి వంక యచ్చటనే కనబడెను. సాయిబుగారు కన్నులు మూసి చేతులెత్తి దువా చేసిరి. తాతగారు, "నా లెక్క నిజమైంది సాయిబూ" యనలేదు, "కనబడిందా?" అని మాత్రము అడిగిరి.